లేవమనని చోటు

మా పెద్దమ్మ కుట్టుమిషను ఇల్లు వదిలి బయటికి రావడానికి కారణం మా పెదనాన్న నిద్ర. ఆయన ఒక గిడ్డంగికి రాత్రి కాపలాదారు. ఊరంతా లేచే వేళకి ఇంటికొచ్చి పడుకునేవాడు. ఉన్నది ఒక్కటే గది. ఒక మూల మంచం, ఇంకో మూల పొయ్యి, మధ్యలో మిషను. పెద్దమ్మ కాలు ఆడించిందంటే మిషను టకటకలాడేది, మంచం మీద ఆయన అటు నుంచి ఇటు దొర్లేవాడు. పన్నెత్తి ఒక్క మాట అనేవాడు కాదట. దిండు తీసి చెవి మీద పెట్టుకునేవాడట. తిట్టినా బావుండేది, ఆ దిండు చూస్తే నాకు కుట్టు వంకర పోయేది అని పెద్దమ్మ చెప్పేది. అందుకని ఓ పొద్దున మిషన్ని బండి మీదకి ఎక్కించుకుని, కూర్చునే చోటు వెతుక్కుంటూ బయల్దేరింది. మొగుడు హాయిగా నిద్రపోవడం కోసం పెళ్ళాం ఊరు మీద పడటం నేను మా ఇంట్లోనే విన్నాను.

అలా తిరిగి తిరిగి ఆవిడ చేరింది మెట్ల బజారుకి. దాని అసలు పేరు గుమ్మం దగ్గర రాతిపలక మీద ఉండేది, దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. మూడంతస్తుల కాంక్రీటు భవనం. కింద బట్టల కొట్లు, పాత్రల కొట్లు, నేను తర్వాత పనికి కుదిరిన మందుల కొట్టు, పైన ఏవో ఆఫీసులు. చూడగానే ఆహా అనిపించే కట్టడం కాదు. రంగు వెయ్యని బూడిద గోడలు, వానకి నల్లగా చారలు కట్టి ఉండేవి. కానీ దాన్ని కట్టినవాడెవరో మెట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ధారాళం చేశాడు. రెండు బళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పు మెట్లు. ప్రతి మలుపులోనూ ఒక గదంత చదును. ఆ చదును చుట్టూ గోడలోంచే పొడుచుకొచ్చిన అరుగు. గోడలకి పళ్ళెమంత గుండ్రటి కంతలు, వాటిలోంచి గాలీ వెలుతురూ. ఎక్కి దిగడానికైతే అంత చోటు అక్కర్లేదు. ఎక్కేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగుతారనీ, ఆగినవాళ్ళకి కాసేపు కూర్చోవాలనిపిస్తుందనీ ఆ మహానుభావుడికి తెలిసినట్టుంది. అతనెవరో తెలిస్తే దణ్ణం పెడదును. ఇప్పుడు కట్టేవాళ్ళకి పెట్టాల్సినవి వేరే ఉన్నాయి.

ఆ మెట్ల మీద బతికేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. తాళంచెవులు చేసే తాత, గొడుగులు బాగుచేసే బాబాయ్, వాచీల వాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు. అక్కడ చోటు సంపాదించడానికి ఓ పద్ధతి ఉండేది. కాగితం లేదు, సంతకం లేదు. కొత్తగా వచ్చిన మనిషికి పాతవాళ్ళలో ఒకరు ఏదో ఒక పని చేతిలో పెడతారు. దాన్ని తొలిపని అనేవాళ్ళు. వచ్చిన మనిషి దాన్ని ఊరికే చెయ్యాలి. చేసి ఇచ్చాక అవతలివాళ్ళు పుచ్చుకున్నారా, చోటిచ్చినట్టే. చోటివ్వడం ఇష్టం లేకపోతే చేతిలో కూలి పెడతారు. నీకూ నాకూ చెల్లు, ఇక దయచెయ్యి అని దానర్థం. కూలి చేతిలో పడ్డవాడు నోరెత్తకుండా మూట సర్దుకుని వెళ్ళిపోయేవాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, దాని మీద పేచీ వచ్చిందని మాత్రం నేనెన్నడూ వినలేదు.

పెద్దమ్మకి తొలిపని ఇచ్చింది తాళాల తాత. ఆయన కోటు జేబు తాళాల బరువుకి చిరిగి వేలాడుతోంది. పెద్దమ్మ దానికి మందపాటి గుడ్డ రెండు మడతలు వేసి కుట్టి ఇచ్చింది. తాత కోటు తొడుక్కున్నాడు, జేబులో తాళాలన్నీ పోశాడు, ఆ వయసులో నిలబడిన చోటే రెండుసార్లు ఎగిరి చూశాడు. జేబు ఊడలేదు. తాత తన పెట్టెని కాలితో పక్కకి జరిపాడు. అలా రెండో మలుపులో, గుండ్రటి కంత కింద, మా పెద్దమ్మకి చోటు దొరికింది.

ఆవిడ అన్నీ కుట్టేది గానీ పేరొచ్చింది జిప్పులతో. ఊరంతటికీ జిప్పులమ్మ. మా ఊరి మగవాళ్ళలో సగంమంది పరువు ఆవిడ చేతుల్లోనే ఉండేదని గొడుగుల బాబాయ్ అనేవాడు. ఆఫీసులోంచి సంచి ముందుకి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చే మనిషిని చూడగానే పెద్దమ్మ తల తిప్పుకుని ఒక దుప్పటి విసిరేది. ఆయన దాన్ని చుట్టుకుని అరుగు మీద బుద్ధిగా కూర్చునేవాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ దుప్పటిలో కూర్చున్నంతసేపూ చాలా మర్యాదగా మాట్లాడేవాడు. కుట్టిన బట్టల్ని గోడకి మేకులు కొట్టి తగిలించేది. ఏ ఇంటివాళ్ళ మేకు వాళ్ళది. ఆవిడ లేకపోయినా వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు.

మిషను పొద్దున గోడవైపు ఉండేది. ఎండ జరిగేకొద్దీ మిషన్నీ జరుపుకుంటూ పోయేది, సాయంత్రానికి మెట్ల కటకటాల దగ్గరికి చేరేది. దీపం పెట్టుకోమంటే ఒప్పుకునేది కాదు. నల్లదారానికీ ముదురు నీలం దారానికీ తేడా కంటికి ఆనని వేళ అయ్యిందంటే దుకాణం కట్టేసేది. మధ్యాహ్నం నేను మందుల కొట్లోంచి క్యారేజీ పట్టుకుని పైకి వెళ్ళేదాన్ని, ఇద్దరం ఆ అరుగు మీదే తినేవాళ్ళం.

పెదనాన్న పోయిన తర్వాత నేనో తెలివితక్కువ మాట అన్నాను. ఇక ఇంట్లోనే కుట్టుకోవచ్చు కదా పెద్దమ్మా, ఈ మోకాళ్ళతో మెట్లెక్కడం దేనికి అన్నాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూనే, "ఆ గదిలో చప్పుడు చెయ్యడం నాకు అలవాటు లేదే" అంది.

ఇలా నడుస్తుండగా మెట్ల బజారు కూల్చేస్తారని కబురొచ్చింది. కట్టడం పగుళ్ళిచ్చింది, ఇక నిలవదు అన్నారు. పగుళ్ళు నిజమే. పైకప్పులోంచి నీళ్ళు దిగడం మొదలై ఏళ్ళయింది, ఒక్కడూ నిచ్చెన వేసి చూసింది లేదు. రోగికి మందివ్వకుండా ఉంచి, చివరికొచ్చి వీడు బతకడని తేల్చడం ఏ రకం వైద్యమో మందుల కొట్లో పనిచేసే నాకైతే తెలియదు. కాలేజీ పిల్లలు కొందరు ఈ భవనాన్ని నిలబెట్టండని అర్జీ పెట్టారు. ఇది కాపాడుకోదగ్గ కట్టడాల కిందకి రాదు, దీనికి తగినంత వయసు లేదు, శిల్పం లేదు, వట్టి కాంక్రీటు అని జవాబొచ్చింది. ఎవరో రాజుగారు గుర్రాన్ని కట్టేసిన కొట్టానికి చుట్టూ కంచె వేసి, ముందు బోర్డు పెట్టి, చూసి తరించమంటారు. ఆ గుర్రంతో మనకేం చుట్టరికం? మేం తిన్న అరుగు, మేం ఏడ్చిన మలుపు, మా వానలూ మా ఎండలూ చూసిన గోడ మాత్రం వట్టి కాంక్రీటు. మనుషులు ప్రేమించడానికి కూడా రాయి పాతదై ఉండాలన్నమాట.

కొత్త భవనం గీసే పని ఓ ఆర్కిటెక్టు అమ్మాయికి అప్పగించారు. ఆ అమ్మాయిని తిట్టాలని నాకు చాలా ఉంది గానీ నిండుగా నోరు రాదు. మంచి పిల్ల. మంచివాళ్ళతోనే వచ్చిన చిక్కు, చెడ్డవాళ్ళనైతే దూరం నుంచే చూసి జాగ్రత్తపడతాం. కూల్చేముందు ఎన్నో రోజులు వచ్చి మెట్ల మీద మా మధ్యే కూర్చుంది. ఈ చోటుతో మీకున్న అనుబంధం ఏమిటి అని ఒక్కొక్కరినీ అడిగింది. మొదట్లో మావాళ్ళకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అనుబంధమేముంది తల్లీ, వానొస్తే నా దగ్గరికొస్తారు, ఎండొస్తే నన్ను మర్చిపోతారు అన్నాడు గొడుగుల బాబాయ్. తర్వాత్తర్వాత అందరికీ నోళ్ళు విడివడ్డాయి. పరీక్ష పోయి ఇంటికి వెళ్ళడానికి భయపడి మూడో మలుపులో కూర్చుని ఏడ్చిన సంగతి పాత్రల కొట్టు ఆవిడ చెప్పింది. మా ఆవిడని మొదటిసారి చూసింది ఈ మెట్ల మీదే అని వాచీలాయన చెబితే, వాళ్ళావిడ వచ్చి నేనే ముందు చూశానని రాసుకోమని పట్టుబట్టింది. తాళాల తాత తొలిపని సంగతంతా పూసగుచ్చినట్టు వివరించాడు. ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది, కొన్నింటికి కళ్ళు తుడుచుకుంది.

మా పెద్దమ్మ మాత్రం ఎదురు ప్రశ్న వేసింది. కొత్తదాంట్లో మేమెక్కడ కూర్చుంటాం అని. ఆ అమ్మాయి, అది పైవాళ్ళు తేల్చాల్సిన సంగతి, నేను మీ గురించి గట్టిగా చెబుతాను అంది. ఆ మాటతో మా గుండెల్లో రాయి పడింది.

అదే అమ్మాయి వారం తిరక్కుండా ఓ పెద్ద గుడ్డ తాను మోసుకుని పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. కొత్త భవనం హాల్లో పైనుంచి కిందకి వేలాడదీస్తారట. దాని మీద మెట్ల బజారు వాళ్ళ మాటలన్నీ దారంతో కుట్టి ఉండాలట, ఆ పని ఇక్కడి చెయ్యే చెయ్యాలట. ఎంతవుతుందో చెప్పండమ్మా, ముందే ఇచ్చేస్తాను అంది. పెద్దమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కూలి మాటెత్తకు తల్లీ. ఇది నేను ఊరికే చేస్తాను."

ఆ అమ్మాయి బతిమాలింది, పెద్దమ్మ ససేమిరా అంది. చివరికి ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో, మీ మనసెంత పెద్దదమ్మా అని ఆవిణ్ణి కౌగిలించుకుంది. సరేనమ్మా, మీ ఇష్టం, కూలి ఇవ్వను అంది. ఆ మాట మలుపులో ఉన్న అందరూ విన్నారు. తాళాల తాత తల పంకించి మళ్ళీ తన ఆకురాయి అందుకున్నాడు. నోటితో ఏమన్నా, పని చేతిలో పెట్టింది, కూలి ఇవ్వనంది. ఇంకేం కావాలి?

నాకు మాత్రం ఇల్లు అలకగానే పండగ కాదనిపించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ పెద్దమ్మతో గొడవపడ్డాను. ఇది మన మెట్ల మీది పద్ధతి, ఆ అమ్మాయిది వేరే లోకం, ఒక్క ముక్క కాగితం మీద రాయించుకో అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"అన్ని రోజులు మా మధ్య కూర్చుంది. తాత చెప్పిందంతా రాసుకుంది. తెలియకుండా పని చేతిలో పెడుతుందా? కాగితం అడిగితే తాతని అవమానించినట్టే."

చెప్పొద్దూ, నేనూ కొంచెం నమ్మాను.

భవనం ఖాళీ చేయించారు. పెద్దమ్మ మిషను మళ్ళీ ఆ ఒక్క గదికే చేరింది. కూల్చడం చూడ్డానికి ఆవిడ రాలేదు. గొడుగుల బాబాయ్ వెళ్ళొచ్చి, గోడలు తేలిగ్గానే పోయాయి గానీ మెట్ల దగ్గర యంత్రం రోజుల తరబడి గింజుకుందని చెప్పాడు. నిలవదన్నారు కదా, మరి అంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళనే అడగాలి. ఎక్కడో సందులోపలున్న గదికి జిప్పులు పట్టుకుని ఎవరొస్తారు? మొదట్లో పాతవాళ్ళు కొందరు వెతుక్కుంటూ వచ్చారు, తర్వాత మానేశారు. గోడకి మేకులైతే కొట్టుకుంది, వాటికి తగిలించడానికి బట్టలే లేవు. కాళ్ళు వాచేవి, మాట తగ్గింది. ఒక్క ఆ గుడ్డ ముందు కూర్చున్నప్పుడే మనిషి మనిషిలా ఉండేది. మిషను మీద అక్షరాల మలుపులు తిరగవని అంతా చేత్తోనే కుట్టింది. తన దగ్గరున్న మంచి దారం అంతా దానికే పోసింది. పాత్రల కొట్టావిడ ఏడుపు, వాచీలాయన పెళ్ళాం పట్టుదల, తాళాల తాత చెప్పిన మాట, అన్నీ కుట్టింది. తాత మాట పైన, అందరికీ కనపడేలా ఉండాలంది. "తొలిపని పుచ్చుకుంటే చోటిచ్చినట్టే" అని. తన మాట అన్నింటికన్నా చివర, కింది అంచు దగ్గర కుట్టుకుంది. "నేనిక్కడ కూర్చున్నాను. ఎవరూ ఏనాడూ లేవమనలేదు."

పని ముగిశాక ఆ అమ్మాయి గదికే వచ్చి గుడ్డ పుచ్చుకుంది. మెట్లవాళ్ళు చాలామంది వచ్చి గుమ్మం బయట దాకా నిలబడ్డారు. ఆ అమ్మాయి గుడ్డని రెండు చేతులతో అందుకుని, గుండెకి హత్తుకుని, ఇంత అందంగా ఉంటుందని అనుకోలేదమ్మా అంది. వెనకనుంచి గొడుగుల బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలి, "అమ్మయ్య, పుచ్చుకుంది వదినా" అన్నాడు. ఆ అమ్మాయి అతనికేసి చూసి నవ్వింది. ఆ నవ్వుకి అర్థం మేం ఒకటి అనుకున్నాం. ఆ తర్వాత కొద్దిరోజులకే తాళాల తాత పోయాడు. పిల్లదానికి చోటు దొరికింది కదా అని చివరిదాకా అందరికీ చెప్పాడట. ఆయన లెక్కలో మా పెద్దమ్మ ఎప్పుడూ పిల్లదే.

కొత్త భవనం తెరిచే రోజుకి పిలుపొచ్చింది. పెద్దమ్మ ముందురోజే మిషనుకి నూనె పెట్టింది, కొత్త ముసుగు కుట్టింది. పొద్దున్నే బండి మాట్లాడి మిషను ఎక్కించింది. ముందు వెళ్ళి చూసొద్దాం, తర్వాత తీసుకెళ్దాం అంటే వినలేదు. మొదటి రోజే కూర్చోకపోతే ఇచ్చినవాళ్ళకి మర్యాద కాదంది. గొడుగుల బాబాయ్ కూడా తన ఊచలూ గుడ్డలూ మూటగట్టుకుని బండి వెనకే నడిచాడు. పెళ్ళివారి సారె మోసుకెళ్తున్నట్టు వెళ్ళాం.

భవనం గురించి ఏం చెప్పను? అద్దం. పైనుంచి కిందదాకా అద్దం. మన మొహం మనకే కనిపిస్తుంది, లోపలేముందో తెలియదు. గుమ్మం దగ్గర కాపలావాడు మిషను లోపలికి పోనివ్వనన్నాడు. బండి బయటే ఆగింది. లోపల నేల మీద కాలు జారుతుంది. పైకి పోవడానికి కదిలే మెట్లు, గాజు లిఫ్టు. మామూలు మెట్లు లేవా అంటే ఉన్నాయన్నారు, ఒక మూల ఇనపతలుపు వెనక, మంటలు లేస్తే పారిపోవడానికి. అంత పెద్ద హాల్లో కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు. అద్దాల కింద గట్లు కూడా ఏటవాలుగా పోశారు, ఎవరన్నా నడుం ఆనిస్తే జారి కింద పడాలని. మనిషి కూర్చోకుండా చెయ్యడానికి ఇంత బుర్ర పెట్టినవాళ్ళు, కూర్చోబెట్టడానికి అందులో సగం పెట్టినా సరిపోయేది.

హాలు మధ్యలో పెద్దమ్మ కుట్టిన గుడ్డ వేలాడుతోంది. నిజం చెప్పాలి, కళ్ళు చెదిరేలా ఉంది. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైవాళ్ళొకరు మైకు పట్టుకుని, ఈ భవనం గోడల్లో పాత బజారు గుండె కొట్టుకుంటోంది అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆర్కిటెక్టు అమ్మాయి పెద్దమ్మని వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని గుడ్డ ముందుకి తీసుకెళ్ళింది. అందరికీ చూపించి, ఈవిడే అంది. మళ్ళీ చప్పట్లు. అవి ఆగేదాకా ఓపిక పట్టి పెద్దమ్మ అడిగింది.

"నా చోటెక్కడ తల్లీ? మిషను బయటుంది, ఎండలో."

ఆ అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రక్తం లేదు. ఇక్కడ కొట్లన్నీ టెండర్లలో ఎప్పుడో ఇచ్చేశారనీ, మెట్ల మీది వాళ్ళ గురించి తను మూడు నాలుగుసార్లు రాసిందనీ, వాళ్ళు ఒప్పుకోలేదనీ తడబడుతూ చెప్పింది. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను అంది. పెద్దమ్మ చెయ్యెత్తి గుడ్డ మీద పైవరసలో ఉన్న తాత మాట చూపించింది.

"తెలియకపోవడమేంటి? నువ్వు రాసుకున్నదే, నేను కుట్టిందే. చదువు."

ఆ అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. అప్పటిదాకా ఎన్నిసార్లు చదివిందో, ఎంతమందికి చదివి వినిపించిందో. "అది జ్ఞాపకం అనుకున్నానమ్మా" అంది చిన్నగా.

జ్ఞాపకం అనుకుందట. మనిషి ఇచ్చిన మాటని, ఒక తరం బతికిన న్యాయాన్ని జ్ఞాపకం అనుకుని పైకప్పుకి వేలాడదీశారు. చచ్చిన జంతువు తలని గోడకి కొట్టుకునేవాళ్ళకీ వీళ్ళకీ తేడా ఏమిటో నాకిప్పటికీ తెలియదు. ఆ జంతువునైతే కనీసం చచ్చాకే గోడకి కొడతారు. నేను అరవబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాచిన కాళ్ళతో ఇక నిలబడలేక గుడ్డ కింద, నేల మీద మెల్లగా చతికిలబడింది.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. "ఇక్కడ కూర్చోకూడదమ్మా. లేవండి."

సరిగ్గా ఆవిడ తల పక్కన, కింది అంచు దగ్గర, ఆవిడ కుట్టుకున్న మాట ఉంది. అది ఆ అమ్మాయి చదివింది, నేను చదివాను. కాపలావాడు కూడా చదివి ఉంటాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దమ్మ లేచింది. ఎక్కడన్నా స్టూలు ఉంటే తెచ్చిపెట్టు నాయనా అంది. అడిగింది స్టూలే కదా అని అతను సంతోషంగా పరుగెత్తి తెచ్చాడు. ఆవిడ దాన్ని గుడ్డ దగ్గరికి జరుపుకుని కూర్చుని, సంచిలోంచి చిన్న కత్తెర తీసింది.

తన మాట చివర వేసిన ముడిని టక్కున కత్తిరించింది. అది గొలుసుకుట్టు. చివరి ముడి తెగితే చాలు, దారం పట్టుకుని లాగితే కుట్టు వెనక్కి వెనక్కి ఊడొస్తుంది. చివరి అక్షరం పోయింది, దాని ముందుది పోయింది. ఫొటోలు దిగుతున్నవాళ్ళు ఇదీ వేడుకలో భాగమేనేమో అనుకుని ముందుకొచ్చి ఫోన్లు పైకెత్తారు. ఈలోగా భవనం మేనేజరు వచ్చాడు. ఏం చేస్తున్నారు మేడమ్, ఇది భవనం ఆస్తి, ఒక్క పోగు ముట్టుకోవడానికి వీల్లేదు అన్నాడు. పెద్దమ్మ తలెత్తలేదు.

"గుడ్డ మీదే. ఉంచుకోండి. మాట నాది. దారం కూడా నాదే."

ఆర్కిటెక్టు అమ్మాయి ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుస్తోంది. ఈ ఒక్కటీ ఉంచండమ్మా, చూసిన ప్రతివాళ్ళకీ ఇదే నచ్చింది అని బతిమాలింది. పెద్దమ్మ దారం లాగడం ఆపి, ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. ఆవిడ గొంతులో కోపం అంత మెత్తగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"నచ్చితే నిజం చెయ్యి. నా చేత్తో కుట్టిన అబద్ధం ఇక్కడ వేలాడకూడదు తల్లీ."

ఆ అమ్మాయి మేనేజరుకేసి చూసింది. మేనేజరు పైవాళ్ళున్న వైపు చూశాడు. పైవాళ్ళు ఫలహారాల దగ్గర ఉన్నారు. పెద్దమ్మ మిగిలిన అక్షరాలు కూడా ఊడదీసింది. నాది కూడా తీసెయ్ వదినా అన్నాడు గొడుగుల బాబాయ్. అదీ తీసింది. తలెత్తి పైనున్న తాత మాట చూసి ఆగింది. చెప్పినవాడు లేడు కాబట్టి దాన్ని తీసే హక్కు తనకి లేదంది. అలాగే ఉండనీ, ఎక్కి దిగేవాళ్ళు చదువుకుని సిగ్గుపడనీ అని నేనన్నాను. సిగ్గుపడేవాళ్ళెవరూ అక్కడ ఉన్నట్టు లేదు.

ఊడిన దారం అంతా వేలికి చుట్టుకుని పెద్దమ్మ బయటికొచ్చింది. బండివాడు మిషను పక్కన నిలబడి ఉన్నాడు. ఇంటికేనా అమ్మా అని అడిగాడు. ఇంటికి కాదంది.

"నెమ్మదిగా పోనియ్యి నాయనా. ఎక్కడన్నా కూర్చోనిచ్చే మెట్లు కనపడితే ఆపు."

బండి కదిలింది. ఆవిడ ఒకవైపూ నేనూ బాబాయ్ ఒకవైపూ నడిచాం. బ్యాంకు ముందు మెట్లకి ఇనప మేకులు పాతి ఉన్నాయి. ఆసుపత్రి ముందు మెట్ల స్థానంలో నున్నటి వాలు పోశారు. సినిమా హాలున్న చోట ఇంకో అద్దాల మేడ లేస్తోంది. పెద్దమ్మ రెండు పక్కలా చూస్తూ నడుస్తోంది. మధ్యాహ్నం దాటింది, ఎండ వాలింది. ఊరంతా తిరిగాం. బండి ఎక్కడా ఆపాల్సిన అవసరం రాలేదు.